ఇంగ్లీష్ వాళ్ళ ‘డెఫినెట్లీ’ని ఎంతవరకు నమ్మొచ్చు?

2009 జనవరి 20న వాషింగ్టన్‌లో బరాక్ ఒబామా చేత ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ అధ్యక్ష ప్రమాణం చేయించారు. ఆ ప్రమాణంలో ఉండేవి మొత్తం 35 మాటలు, అవి రాజ్యాంగంలోనే రాసి ఉన్నాయి. అందులో ‘ఐ విల్ ఫెయిత్‌ఫుల్లీ ఎగ్జిక్యూట్’ అని ఒక ముక్క వస్తుంది. రాబర్ట్స్ గారు కాగితం చూడకుండా చెప్పబోయి, ‘ఫెయిత్‌ఫుల్లీ’ని ‘విల్’ పక్క నుంచి లేపి తీసుకెళ్ళి వాక్యం చివర పెట్టారు. ఒబామాకి తేడా తెలిసి ఆగిపోయారు. రాబర్ట్స్ సరిదిద్దబోయి మరోలా తడబడ్డారు. ఆఖరికి ఒబామా ఆ తప్పు వరసలోనే ప్రమాణం కానిచ్చారు. మర్నాడు సాయంత్రం శ్వేతసౌధంలోని మ్యాప్ రూమ్‌లో, ఎందుకైనా మంచిదని, ఇద్దరూ మళ్ళీ నిలబడి మొదటినుంచీ కానిచ్చారు. 20వ సవరణ ప్రకారం ముందురోజు మధ్యాహ్నం పన్నెండింటికే కొత్త అధ్యక్షుడి పదవీకాలం మొదలైపోయింది, కాబట్టి దేశానికి వచ్చిన ముప్పేమీ లేదు. అయినా ఒక క్రియావిశేషణం చోటు మారినందుకు రెండోసారి ప్రమాణం చేయించిన దేశం ఇంకోటి ఉందనుకోను.

ఆ మాట ఎందుకు జారిందో హార్వర్డ్ ప్రొఫెసర్ స్టీవెన్ పింకర్ న్యూయార్క్ టైమ్స్‌లో ఒక కారణం చెప్పారు. సహాయక క్రియకీ అసలు క్రియకీ మధ్య వేరే మాట దూరకూడదని అమెరికాలో, ముఖ్యంగా లాయర్ల లోకంలో, ఒక పాత పట్టింపు ఉంది. రాబర్ట్స్ వ్యాకరణం విషయంలో మహా నిష్ఠాపరుడు. ఆ నిష్ఠే రాజ్యాంగాన్ని కూడా ఆయన నోట దిద్దించిందని పింకర్ ఊహ. నిజానికి ఈ పట్టింపుకి వ్యాకరణంలో ఆధారం లేదు. 1926లోనే ఫౌలర్ తన వాడుక నిఘంటువులో, మధ్యలో రావడమే సహజమని, దాన్ని తప్పించుకోవడానికి పత్రికలవాళ్ళు పడే అవస్థే చూడలేకపోతున్నామని తేల్చేశాడు. అయినా పట్టింపులు పుస్తకాలు చదివి పోవు కదా.

ఇంతకీ సంగతి ఇది. ఇంగ్లీష్‌లో మోడల్స్ అని తొమ్మిది సహాయక క్రియలున్నాయి: కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్. మన స్కూలు పుస్తకాల్లో వీటికి ఒక పాఠం ఉంటుంది. ప్రాబబ్లీ, పాసిబ్లీ, సర్టెన్లీ, జస్ట్, వెల్ లాంటి క్రియావిశేషణాలకు ఇంకెక్కడో వేరే పాఠం ఉంటుంది. ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళ నోట మాత్రం ఇవి చాలాసార్లు జంటగానే వస్తాయి. ఆ జంటలో బరువు మోసేది మోడల్ అని మనం అనుకుంటాం. చాలా సందర్భాల్లో మోసేది పక్కనున్న చిన్న మాట.

ముందు చోటు సంగతి. మామూలు చోటు మోడల్ తర్వాత, అసలు క్రియకు ముందు: ‘షి విల్ ప్రాబబ్లీ కమ్’. అదే ‘నాట్’ వచ్చి ‘విల్’లో కలిసిపోతే వరస తిరగబడుతుంది. అప్పుడు సాధారణంగా ‘షి ప్రాబబ్లీ వోంట్ కమ్’ అంటారు. అక్కడి పిల్లలకు ఈ సూత్రం ఎవరూ చెప్పరు. వినీ వినీ పట్టుబడుతుంది. మనం మాత్రం బట్టీ పట్టాలి.

ఇంతవరకైతే చెవికి ఇంపుగా ఉందా లేదా అన్నదే సమస్య. కొన్నిచోట్ల జరిగితే అర్థమే మారుతుంది. ‘ఐ రియల్లీ కాంట్ స్విమ్’ అంటే నాకు ఈత అస్సలు రాదు, నీళ్ళలోకి తొయ్యొద్దు అని. ‘ఐ కాంట్ రియల్లీ స్విమ్’ అంటే ఏదో కాళ్ళూ చేతులూ ఆడిస్తాను గానీ, వచ్చని చెప్పుకునేంత రాదు అని. ‘యూ సింప్లీ కాంట్ లీవ్’ అంటే వెళ్ళడానికి వీల్లేదు, అంతే. ‘యూ కాంట్ సింప్లీ లీవ్’ అంటే వెళ్తే వెళ్ళు, కానీ ఊరికే అలా లేచిపోతే ఎలా, ఏదో ఒకటి చెప్పి వెళ్ళు. అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘పాసిబ్లీ’. ‘ఐ పాసిబ్లీ కాంట్ కమ్’ అంటే రాలేనేమో. ‘ఐ కాంట్ పాసిబ్లీ కమ్’ అంటే చచ్చినా రాలేను. మొదటిదాన్ని అక్కడివాళ్ళు పెద్దగా వాడరు. రెండోదాన్ని రోజూ వాడతారు, మనవాళ్ళు దాన్ని మొదటిదానిగా అర్థం చేసుకుని కుర్చీ వేసి ఎదురుచూస్తారు.

క్రియావిశేషణానికి ఇంత పెత్తనం ఎందుకు వచ్చిందంటే, మోడల్స్ ఒక్కోటి రెండేసి ఉద్యోగాలు చేస్తున్నాయి కాబట్టి. ‘హీ మే గో’ అన్నప్పుడు అతను వెళ్ళడానికి అనుమతి ఇస్తున్నామా, వెళ్తాడేమోనని అనుమానిస్తున్నామా? వాక్యం చెప్పదు. ‘హీ మే సర్టెన్లీ గో’ అంటే అనుమతి: నిరభ్యంతరంగా వెళ్ళొచ్చు. ‘హీ మే పాసిబ్లీ గో’ అంటే అనుమానం. ‘మస్ట్’ కూడా ఇంతే. ‘యూ మస్ట్ ఆల్వేస్ లాక్ ద డోర్’ అంటే ఆజ్ఞ, ‘యూ మస్ట్ షూర్లీ బీ టైర్డ్’ అంటే ఊహ. ఎదుటివాణ్ణి అలసిపొమ్మని ఎవరూ ఆజ్ఞాపించరు గదా.

ఈ రెండు ఉద్యోగాల గొడవ మనకు కొత్తదేమీ కాదు. ‘నువ్విక వెళ్ళొచ్చు’లో ఉన్న ‘వచ్చు’ అనుమతి, ‘రేపు వాన పడొచ్చు’లో ఉన్నది అంచనా. ‘బిల్లు కట్టాలి’లో బాధ్యత ఉంది, ‘ఈపాటికి బస్సు వచ్చి ఉండాలి’లో లెక్క ఉంది. తేడా ఎక్కడంటే, మనం అనుమానాన్ని క్రియ చివర తగిలిస్తాం: వస్తాడేమో, వచ్చుంటాడు, రావొచ్చు. ‘బహుశా’ ముందొచ్చినా అది రాబోయే ‘ఏమో’కి దండోరా మాత్రమే. తీర్పు క్రియ దగ్గరే దొరుకుతుంది. ఈ అలవాటుతోనే మనం ఇంగ్లీష్ వాక్యంలో కూడా క్రియనే పట్టుకుని వేలాడతాం. ‘కుడ్’ వినపడితే ‘వీలైతే’ అనీ, ‘మైట్’ వినపడితే ‘ఇష్టమైతే’ అనీ రాసేసుకుంటాం. పక్కమాట గాలికి పోతుంది.

జంట కుదరడం, కుదరకపోవడం అని కూడా ఒకటుంది. భాషాశాస్త్రవేత్త మైకేల్ హాలిడే 1970లో ఒక వ్యాసంలో ఈ కలయికల్ని పట్టి చూశాడు. జాన్ లయన్స్ 1977లో వచ్చిన తన రెండు సంపుటాల ‘సెమాంటిక్స్’లో, బలం సరిసమానంగా ఉన్న జంటలకు ‘హార్మోనిక్’ అని పేరు పెట్టాడు. లియో హోయ్ 1997లో ఏకంగా వీటి మీదే ఒక పుస్తకం రాశాడు. వీళ్ళు చెప్పినదాంట్లో నాకు ముఖ్యమనిపించింది ఇది. ‘హీ మే పాసిబ్లీ కమ్’లో రెండు అనుమానాలు లేవు, ఉన్నది ఒకటే, రెండుచోట్ల వినిపిస్తోంది. మన ‘బహుశా వస్తాడేమో’ కూడా అలాంటిదే, దాన్ని విని ఎవరూ రాకపోయే అవకాశాన్ని రెట్టింపు చేసుకోరు.

జంట కుదరనప్పుడు రెండు మాటలూ రెండు వేరే పనులు చేస్తాయి. ‘సర్టెన్లీ హీ మే హావ్ ఫర్గాటెన్’ అన్నవాడు అతను కచ్చితంగా మర్చిపోయాడని అనడం లేదు. ‘మర్చిపోయి ఉండొచ్చు, కాదనను’ అంటున్నాడు. వెనకాలే ఒక ‘బట్’ వస్తుంది, కాచుకుని ఉండండి. మన ఆఫీసు ఉత్తరాల్లో తరచుగా కనిపించే ‘మే ప్రాబబ్లీ’ కూడా కుదరని జంటే. ‘మే’ సగం సగంగా ఉంటుంది, ‘ప్రాబబ్లీ’ సగం దాటి ఉంటుంది. అక్కడివాళ్ళు ‘విల్ ప్రాబబ్లీ’ అంటారు, లేదా ‘మే వెల్’ అంటారు.

ఈ ‘మే వెల్’ దగ్గర కాసేపు ఆగాలి. ఇందులో ‘వెల్’కి బాగోగులతో సంబంధం లేదు. ‘ఇట్ మే వెల్ రెయిన్’ అంటే వాన బాగా పడుతుందని కాదు, పడే అవకాశం గట్టిగానే ఉందని. గొడుగు తీసుకెళ్ళడం మంచిది. ఇదే జంటలో ‘యాజ్’ అనే చిన్న మాటను దూర్చండి: ‘వీ మే యాజ్ వెల్ వాక్’. ఇప్పుడు అవకాశాల లెక్క పూర్తిగా మాయమైంది. బస్సు రాదు, ఆటో దొరకదు, ఇక చేసేదేముంది, నడుద్దాం పదండి అని దీని సారం. ఉత్సాహం చుక్క కూడా ఉండదు. సినిమాకి వెళ్దామా అని అడిగితే ‘వీ మైట్ యాజ్ వెల్’ అని జవాబొచ్చిందంటే, ఒప్పుకున్నట్టే గానీ మీ ఎంపిక గొప్పదని మెచ్చుకున్నట్టు కాదు. ‘సరేలే, కానియ్’ అన్న గొంతు అది. కాదనే వాక్యంలో ‘మే వెల్ నాట్’ అంటారు తప్ప ‘మే నాట్ వెల్’ అనరు. ఎందుకని అడిగితే ఇంగ్లీష్ వాళ్ళు కూడా బుర్ర గోక్కుంటారు.

‘కెన్ ఆల్వేస్’ ఇంకో ఉచ్చు. ‘యూ కెన్ ఆల్వేస్ సెల్ ద హౌస్’ అన్న డైలాగుకి తెలుగు సబ్‌టైటిల్‌లో ‘మీరు ఎల్లప్పుడూ ఇల్లు అమ్మవచ్చు’ అని పడితే అది రియల్ ఎస్టేట్ ప్రకటనలా ఉంటుంది. ఆ సీన్లో ఉన్నది ఓదార్పు: ఏదీ కుదరకపోతే ఇల్లు అమ్ముకోవచ్చు, అదెక్కడికీ పోదుగా అని. ‘ఆల్వేస్’ ఇక్కడ కాలాన్ని కొలవడం లేదు, ఆఖరి దారి ఒకటి మిగిలే ఉందని చూపిస్తోంది. ‘కెన్ హార్డ్‌లీ’ గురించి ఒక్క మాట: ‘హార్డ్‌లీ’ లోపల ‘నాట్’ దాక్కుని ఉంది. అందుకే ‘యూ కెన్ హార్డ్‌లీ రెఫ్యూజ్’ తర్వాత తోక ప్రశ్న ‘కెన్ యూ?’ అని వస్తుంది, ‘కాంట్ యూ?’ అని రాదు.

మర్యాద దగ్గరికి వస్తే ఈ మాటలు పూర్తిగా వేషం మార్చేస్తాయి. ‘కుడ్ యూ పాసిబ్లీ సెండ్ ఇట్ బై ఫ్రైడే?’ అన్నామె సాధ్యాసాధ్యాల గురించి మీ అభిప్రాయం అడగడం లేదు, శుక్రవారానికి పంపమంటోంది. ‘కెన్ ఐ జస్ట్ ఆస్క్’ అన్నవాడి ప్రశ్న చిన్నదే అయి ఉంటుందన్న హామీ లేదు. ఇది మనకి అర్థం కానిదేం కాదు. ‘కొంచెం ఆ తలుపు వేస్తారా’ అన్నప్పుడు మనం తలుపును కొంచెమే వేయమనడం లేదు. ‘ఒకసారి ఇలా రా’ అని పిలిస్తే రెండోసారి రాకూడదని కాదు. వాళ్ళ ‘జస్ట్’, ‘పాసిబ్లీ’ చేసే పనినే మన ‘కాస్త’, ‘కొంచెం’, ‘ఒకసారి’ చేస్తున్నాయి. సొంత భాషలో కళ్ళు మూసుకుని దాటేసే దాన్ని పరాయి భాషలో నిఘంటువు తీసి మరీ తప్పుగా చదువుతాం.

బ్రిటిష్ ఆఫీసుల్లో ఈ విద్య ముదిరిపోయి ఉంటుంది. ‘యూ మైట్ పర్‌హాప్స్ లైక్ టు లుక్ ఎట్ పేరా త్రీ అగైన్.’ ఇందులో ‘మైట్’ ఉంది, ‘పర్‌హాప్స్’ ఉంది, ‘లైక్’ కూడా ఉంది. మూడూ మెత్తటి మాటలే. హైదరాబాద్‌లో కూర్చున్న ఇంజినీరు దీన్ని చదివి, ఇష్టముంటే చూడొచ్చన్నారు, నాకు పేరా త్రీ బాగానే కనిపిస్తోంది, అని వదిలేస్తాడు. లండన్‌లో ఆ వాక్యం రాసినాయన అప్పటికి మూడో పేరాని మనసులో చించేశాడు. మెత్తటి మాటలు ఎన్ని పేరిస్తే ఆజ్ఞ అంత గట్టిదని గుర్తు పెట్టుకోవడం ఉద్యోగ భద్రతకు మంచిది.

ఇప్పుడు ‘డెఫినెట్లీ’. ‘వీ షుడ్ డెఫినెట్లీ మీట్ సమ్‌టైమ్’ అని అమెరికన్ స్నేహితుడు అంటే డైరీ తీయకండి. ‘షుడ్’కి తేదీ లేదు, ‘సమ్‌టైమ్’కి అసలే లేదు, మధ్యలో ‘డెఫినెట్లీ’ ఒక్కటే ఒంటరిగా పోరాడుతోంది. దీనికి తోడబుట్టిన వాక్యం ‘ఐ షుడ్ ప్రాబబ్లీ గో’. ఇందులోని ‘ప్రాబబ్లీ’ని నమ్మి ‘పోనీ ఇంకాసేపు కూర్చోండి’ అనకండి. చెప్పినాయన అప్పటికే చెప్పుల కోసం చూస్తున్నాడు. అంటే ‘డెఫినెట్లీ’ ఉన్న వాక్యం జరగదు, ‘ప్రాబబ్లీ’ ఉన్న వాక్యం వెంటనే జరిగిపోతుంది. నిఘంటువు ఈ విషయం చెప్పదు.

ఇది అమెరికన్ల కపటం కాదు. ఖాయంగా తెలిసిన విషయం పక్కన ‘ఖాయంగా’ అని ఎవరూ తగిలించరని, తగిలించామంటే అనుమానానికి చోటిచ్చినట్టేనని హాలిడేనే గమనించాడు. ‘రేపు సూర్యుడు ఉదయిస్తాడు’ అంటే ఎవరూ పట్టించుకోరు. ‘రేపు సూర్యుడు తప్పకుండా ఉదయిస్తాడు’ అనండి, వినేవాళ్ళకి భయం వేస్తుంది. అందుకే ‘హీ మస్ట్ షూర్లీ బీ ఎట్ హోమ్’ కంటే ఏ హంగూ లేని ‘హీ ఈజ్ ఎట్ హోమ్’ గట్టిది. ఆరింటికి కలుద్దామనుకున్నవాడు ‘ఐ విల్ బీ దేర్ ఎట్ సిక్స్’ అని ఊరుకుంటాడు.

ఈ మెత్తదనం మీద ప్రభుత్వాలు కూడా తలలు పట్టుకున్నాయి. 1951లో యుగోస్లావియా మీద దాడి జరిగే అవకాశం గురించి అమెరికా నిఘా అధికారులు ఒక నివేదికలో ‘సీరియస్ పాసిబిలిటీ’ అని రాశారు. దాన్ని చదివిన విదేశాంగ శాఖ అధికారి ఒకాయన, అంటే ఎంత అని అడిగితే, నివేదిక వెనకున్న షెర్మన్ కెంట్ నూటికి అరవై అయిదు పాళ్ళు అన్నాడు. అడిగినాయన ఉలిక్కిపడ్డాడు, ఆయన అనుకున్నది అంతకంటే బాగా తక్కువ. కెంట్ తనతో కలిసి ఆ వాక్యానికి ఒప్పుకున్నవాళ్ళను కూడా అడిగి చూశాడు. ఒకరు నూటికి ఇరవై అన్నారు, ఇంకొకరు ఎనభై అన్నారు. అందరూ ఒకే వాక్యం మీద సంతకం పెట్టినవాళ్ళే. 1964లో కెంట్ దీని మీద వ్యాసం రాస్తూ మాటలకు అంకెలు కేటాయించాడు: దాదాపు ఖాయం అంటే 93 శాతం, ‘ప్రాబబుల్’ అంటే 75 శాతం, అలా. తన శాఖలో గణితజ్ఞులు, కవులు అని రెండు వర్గాలున్నాయని, కవులు ఈ పద్ధతికి లొంగరని కూడా రాసుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత వాతావరణ మార్పుల మీద ఐపీసీసీ నివేదికలు ఇదే దారి పట్టాయి. అక్కడ ‘లైక్‌లీ’ అంటే 66 శాతం పైన, ‘వెరీ లైక్‌లీ’ అంటే 90 శాతం పైన. రోజువారీ మాటల్లో మాత్రం ఇప్పటికీ కవులదే రాజ్యం.

మోడల్‌కీ క్రియావిశేషణానికీ మధ్య గోడ కూడా మనం అనుకున్నంత మందంగా లేదు. ‘మేబీ’ పుట్టిందే ‘మే’, ‘బీ’ కలిసి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ‘ఐ మైట్ కుడ్ హెల్ప్ యూ’ అంటారు. స్కాట్లండ్‌లో కూడా ఇలాంటి జోడు మోడల్స్ వినిపిస్తాయి. వ్యాకరణ పుస్తకం రెండు మోడల్స్ పక్కపక్కన రాకూడదంటుంది. వాళ్ళ నోట్లో ‘మైట్’ దాదాపు ‘మేబీ’గా మారిపోయింది కాబట్టి ఇబ్బంది లేదు. మనం తక్కువ తిన్నామా? ‘మస్ట్ అండ్ షుడ్‌గా రావాలి’ అని పెళ్ళి పిలుపుల్లో ఎన్నిసార్లు వినలేదు? రెండు మోడల్స్‌ను ముడివేసి, చివర ‘గా’ తగిలించి, శుభ్రమైన తెలుగు క్రియావిశేషణం చేసుకున్నాం. ఇంగ్లీష్ వాళ్ళకి ఇది చెప్తే గుర్తుపట్టరు. గుర్తుపట్టాల్సిన అవసరమూ లేదు, అది ఇప్పుడు మన మాట.

ఇంగ్లీష్ చెప్పే మాస్టార్లకీ, టీచర్లకీ ఒక మనవి. ‘హీ డ్యాష్ కమ్’ అని ఇచ్చి, సరైన మోడల్‌తో ఖాళీ పూరించమని అడుగుతుంటారు. నిజానికి ఆ ఖాళీలో తొమ్మిదింట్లో ఏది పెట్టినా వ్యాకరణం ఒప్పుకుంటుంది, పిల్లాడు మాత్రం మాస్టారి మనసులో ఏముందో ఊహించాలి. ఆ ఖాళీ పక్కన ‘ప్రాబబ్లీ’ అని ఒక్క మాట చేర్చి ఇవ్వండి. ‘కెన్’, ‘మస్ట్’ తమంతట తామే తప్పుకుంటాయి, ‘మే’ మొహమాటపడుతుంది, ‘విల్’ వచ్చి కూర్చుంటుంది. తర్వాత ‘ప్రాబబ్లీ’ తీసేసి ‘వెల్’ పెట్టి మళ్ళీ అడగండి. రెండు పాఠాలూ ఒకే పూటలో అయిపోతాయి.